పాస్టర్ కావాలంటే హీబ్రూ రావాలా? 700 ఏళ్ల పంచాయితీ

జర్మనీలో ప్రొటెస్టంట్ పాస్టర్ కావాలనుకునేవాళ్లు మామూలుగా యూనివర్సిటీలో థియాలజీ, అంటే క్రైస్తవ మతశాస్త్రం చదవాలి. అసలు పాఠాల కన్నా ముందు వాళ్లను పలకరించేవి మూడు భాషా పరీక్షలు: లాటిన్, గ్రీకు, హీబ్రూ. బైబిల్ పాత నిబంధన మూలం హీబ్రూలో, కొత్త నిబంధన మూలం గ్రీకులో ఉంది. స్కూల్లో నేర్చుకుని రానివాళ్లకు మొదటి రెండు మూడు సెమిస్టర్లు చాలావరకు వీటికే పోతాయి. ప్రభుత్వం విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయంలో కూడా దీనికో లెక్క ఉంది. గ్రీకుకు ఒకటి, హీబ్రూకు ఒకటి చొప్పున అదనపు సెమిస్టర్‌కు గడువు పెంచుతారు. లాటిన్ ఆ లెక్కలోకి రాదు.

పాస్టర్లే దొరకని రోజుల్లో ఇంత బరువు ఎందుకని కొందరు, ఇది కూడా తీసేస్తే ఇక ఆ డిగ్రీకి విలువేముందని కొందరు వాదించుకుంటున్నారు. రెండు వైపులవాళ్లూ ఈ నియమాన్ని పాండిత్యం మీద ప్రేమతో పెట్టినట్టే మాట్లాడతారు. చరిత్ర తిరగేస్తే అలా కనిపించదు. ఈ భాషలను యూనివర్సిటీలోకి తెచ్చింది ఎక్కువగా అనుమానాలూ తగాదాలే.

మొదటి ఆదేశం 1312 నాటిది. ఫ్రాన్స్‌లోని వియెన్ పట్టణంలో కూడిన క్యాథలిక్ మహాసభ పారిస్, ఆక్స్‌ఫర్డ్, బొలోన్యా, సలమాంకా యూనివర్సిటీల్లో హీబ్రూ, అరబిక్, కల్దీయ (అరమాయిక్) భాషలు నేర్పాలని తీర్మానించింది. మయోర్కా ద్వీపానికి చెందిన రామన్ లుల్ దీనికోసం ఏళ్ల తరబడి పోప్‌ల చుట్టూ తిరిగాడు. బైబిల్‌ను బాగా అర్థం చేసుకోవడం కన్నా, యూదులకూ ముస్లింలకూ వాళ్ల భాషలోనే బోధించి మతం మార్పించడం మీదే లుల్ దృష్టి, సభ దృష్టి. తీర్మానం ఘనంగానే ఉంది. అమలు మాత్రం చాలావరకు కాగితం మీదే మిగిలిపోయింది.

అసలు కథ రెండు వందల ఏళ్ల తర్వాత మొదలైంది. యోహాన్ రాయిక్లిన్ వృత్తిరీత్యా లాయరు, పాదిరీ కాదు. హీబ్రూ మీద మోజుతో 1492లో చక్రవర్తి ఆస్థాన వైద్యుడైన యాకోబ్ లోన్స్ అనే యూదుడి దగ్గర అక్షరాలు దిద్దాడు. తర్వాత రోమ్‌లో ఒబదియా స్ఫోర్నో అనే యూదు పండితుడి దగ్గర కూర్చున్నాడు. 1506లో క్రైస్తవుల కోసం హీబ్రూ వ్యాకరణం, నిఘంటువు కలిపి అచ్చు వేయించాడు. పుస్తకం లాటిన్‌లో ఉన్నా, హీబ్రూ పుస్తకంలాగే కుడి వైపు నుంచి తెరవాలి. పాపం, సరిగ్గా అమ్ముడుపోలేదు.

ఇంతలో, క్రైస్తవం పుచ్చుకున్న ఫెఫర్‌కోర్న్ అనే యూదుడు 1509లో యూదుల పుస్తకాలు జప్తు చేయించే ఉత్తర్వు చక్రవర్తి మాక్సిమిలియన్ దగ్గర సంపాదించాడు. అభిప్రాయం అడిగినప్పుడు రాయిక్లిన్ కుదరదన్నాడు. కాల్చడం కాదు, జర్మనీలో ప్రతి యూనివర్సిటీలో పదేళ్లపాటు ఇద్దరేసి హీబ్రూ అధ్యాపకులను పెట్టండి, కావలసిన పుస్తకాలు యూదులే ఎరువిస్తారు అని 1510లో రాసిచ్చాడు. కొలోన్ థియాలజీ ఫ్యాకల్టీ మండిపడింది. కరపత్రాలు, కేసులు, అప్పీళ్లతో పదేళ్లు గడిచాయి. 1520లో రోమ్ తీర్పు ఆయనకు వ్యతిరేకంగానే వచ్చింది. అప్పటికే చదువుకున్న కుర్రకారు ఆయన పక్షం చేరిపోయింది. నన్నడిగితే, థియాలజీ విద్యార్థి ముందు హీబ్రూ పుస్తకం ఉండటానికి, ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ కన్నా ముందు ఈ లాయరును, ఆయనకు అక్షరాలు దిద్దించిన ఆ ఇద్దరు యూదులను తలుచుకోవాలి.

గ్రీకు గొడవ మరో రకం. 1516లో ఎరాస్మస్ అనే డచ్ పండితుడు గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేశాడు. లాటిన్ బైబిల్లో యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటే అని చెప్పే వాక్యం ఉంది. త్రిత్వానికి దాన్నే గట్టి ఆధారంగా చూపేవాళ్లు. ఎరాస్మస్ చూసిన గ్రీకు ప్రతుల్లో అది లేదు, కాబట్టి వేయలేదు. ఇంకేముంది, మతద్రోహం అన్నారు. తర్వాత ఇంగ్లండ్ నుంచి ఆ వాక్యం ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది. అది దాదాపు ఆ కాలంలోనే రాసిందని పండితుల మాట. ఇప్పుడది డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉంది. 1522 ముద్రణలో ఎరాస్మస్ ఆ వాక్యాన్ని చేర్చక తప్పలేదు. అక్కడి నుంచి 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్లోకీ వెళ్లింది. మన చర్చిల్లో చదివే తెలుగు బైబిల్ తీసి చూడండి: అక్కడ సాక్ష్యమిచ్చే ముగ్గురు ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే. ఇంగ్లిష్‌లో ఉన్నది తెలుగులో ఎందుకు లేదని సండే స్కూల్లో ఓ పిల్లాడు అడిగితే, జవాబు చెప్పడానికి పాస్టర్‌కు ఈ గ్రీకు ప్రతుల కథ తెలిసుండాలి.

1518లో, లూథర్ పాఠాలు చెప్పే విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీ గ్రీకు చెప్పడానికి రాయిక్లిన్‌ను పిలిస్తే, ఆయన తన బంధువు, 21 ఏళ్ల మెలంక్తన్‌ను పంపాడు. తర్వాత లూథర్‌కు కుడిభుజమైంది అతనే. దేవుని వాక్యమనే కత్తికి భాషలు ఒర లాంటివని 1524లో లూథర్ నగర పాలకులకు రాశాడు. పోప్ మాట కాదనాలంటే మూలగ్రంథం చేతిలో ఉండాలి మరి. క్యాథలిక్కులు 1546లో ట్రెంట్ మహాసభలో లాటిన్ బైబిలే ప్రామాణికమన్నారు. వాళ్లలో మూల భాషల చదువుకు పోప్ నుంచి గట్టి ప్రోత్సాహం దొరికింది 1943లో.

19వ శతాబ్దానికి జర్మన్ హైస్కూళ్లలో లాటిన్, గ్రీకు గంటల తరబడి చెప్పేవాళ్లు. థియాలజీకి వెళ్లేవాళ్లకు హీబ్రూ కూడా స్కూల్లోనే దొరికేది. యూనివర్సిటీ పరీక్ష అంటే వచ్చినదాన్ని చూపించడమే. తర్వాత చాలా స్కూళ్లు గ్రీకును వదిలేశాయి, లాటిన్‌ను తగ్గించాయి. నియమం మాత్రం కదల్లేదు. ఒకప్పుడు స్కూలు మోసిన బరువు ఇప్పుడు 20 ఏళ్ల విద్యార్థి నెత్తిన పడింది. నేటి టెన్షన్‌కు సగం కారణం ఇదే. ఆ మాట చెప్పకుండా పిల్లలు బద్ధకస్తులయ్యారని వాపోయేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

మన దేశంలో కథ ఇంకో దారిలో నడిచింది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే ఇంగ్లిష్ మిషనరీలు బెంగాల్లో సెరాంపూర్ కాలేజీ పెట్టినప్పుడు ప్రాచీన భాష అంటే వాళ్లకు ముందు గుర్తొచ్చింది సంస్కృతం. పండితులతో వాదించాలంటే వాళ్ల గ్రంథాలు చదవగలగాలన్నది లెక్క. అంటే 1312 నాటి ఆలోచనే మళ్లీ వచ్చింది. సెరాంపూర్ అప్పట్లో డెన్మార్క్ పాలనలో ఉండేది. ఆ దేశపు రాజు 1827లో డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చినా, మొదటి థియాలజీ డిగ్రీలు 1915లో గానీ రాలేదు. ఆ డిగ్రీ వెంట గ్రీకు, హీబ్రూ వచ్చాయి.

తెలుగు నేలపై కొన్ని చర్చిలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టాయి. తర్వాత అది హైదరాబాద్‌కు మారింది. దాని డిగ్రీలు సెరాంపూర్ పేరు మీదే వస్తాయి. ఇలాంటి చోట తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి గ్రీకును ఇంగ్లిష్ పుస్తకంలోంచి నేర్చుకోవాలి. నామవాచకం చివర మారితే అర్థం మారుతుందని ఇంగ్లిష్ పుస్తకం పేజీల కొద్దీ వివరిస్తుంది. 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని బడిలో బట్టీపట్టినవాడికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. తెలుగు విభక్తుల మీదుగా నేరుగా గ్రీకులోకి తీసుకెళ్లే పాఠ్యపుస్తకం చేతికిస్తే వాడికి ఇంగ్లిష్ చుట్టుదారి తప్పుతుంది.