మౌదూదీ ఎవరని అడిగారు కదా

అమ్ములూ, చంటీ,

బంగ్లాదేశ్ వార్తల్లో జమాతే ఇస్లామీ అనే పార్టీ పేరు విని, అది ఎవరు పెట్టారు తాతయ్యా అని అడిగారు. మౌలానా అబుల్ ఆలా మౌదూదీ. 1903లో ఔరంగాబాద్‌లో పుట్టారు, అప్పుడది నిజాం రాజ్యంలో ఊరు. చిన్న వయసులోనే పత్రికల్లో చేరి, 1930ల మొదట్లో మన హైదరాబాద్ నుంచే 'తర్జుమానుల్ ఖురాన్' అనే ఉర్దూ మాసపత్రిక నడిపారు. 1941 ఆగస్టులో లాహోర్‌లో 75 మందితో జమాత్ మొదలైంది.

ఆయన చెప్పింది మీకు కౌలు పొలం లెక్కన చెబుతాను. భూమి మొత్తం దేవుడిది, మనిషి కౌలుదారు. దున్నుకోవచ్చు, తినొచ్చు, కానీ షరతులు మార్చే హక్కు లేదు. రాజుకీ లేదు, పార్లమెంటుకీ లేదు, ఓట్లేసిన జనానికీ లేదు. అందుకే ఆయనకు కాంగ్రెస్ జాతీయవాదమూ నచ్చలేదు, ముస్లిం లీగ్ జాతీయవాదమూ నచ్చలేదు. అయినా దేశం రెండయ్యాక లాహోర్ వెళ్ళిపోయారు.

మా తాత కౌలుకే చేసేవాడు. కామందు మద్రాసులో ఉండేవాడట, మేమెవరం ఆయన్ని చూసి ఎరగం. గుమస్తా వచ్చి అయ్యగారు ఈసారి మినుములు వెయ్యొద్దన్నారు అనేవాడు, చేతిలో ఉత్తరం ఉండేది, చదవడం మాత్రం ఊళ్ళో అతనొక్కడికే వచ్చు. మా నాయనమ్మ ఊరుకునేది కాదు, "అయ్యగారన్నారా, నువ్వన్నావా?" అని మొహం మీదే అడిగేది. పెద్దవాళ్ళని అలా అడగడం తప్పు కాదర్రా, అడగండి.

మౌదూదీ దారిలో నాకు కనిపించే చిక్కు అదే. కామందు మాట ఇదని చెప్పేదెవరు? అహ్మదీలని, తామూ ముస్లింలమే అనే ఒక శాఖవాళ్ళున్నారు. వాళ్ళు ముస్లింలే కాదంటూ ఆయన చిన్న పుస్తకం రాశారు. 1953లో లాహోర్‌లో వాళ్ళ మీద అల్లర్లు జరిగాయి, మిలిటరీ కోర్టు ఆయనకు ఉరిశిక్ష వేసింది, తర్వాత తగ్గించి 1955లో వదిలేశారు. ఒక మనిషిని పుస్తకం రాసినందుకు ఉరి తీయడం నేనెప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ అల్లర్ల మీద విచారణ చేసిన జడ్జీలు ముస్లిం అంటే ఎవరని పండితులను అడిగితే ఏ ఇద్దరి జవాబూ కలవలేదు. మరి పాకిస్తాన్‌లో ఇస్లాం రాజ్యం పెడితే, ఇండియాలో హిందువులు తమ మతం ప్రకారం రాజ్యాంగం పెట్టుకోవచ్చా అని మౌదూదీని అడిగారు. పెట్టుకోవచ్చు, అక్కడ మిగిలిన ముస్లింలను మనుధర్మం ప్రకారం శూద్రుల్లా, మ్లేచ్ఛుల్లా చూసినా నాకు అభ్యంతరం లేదన్నారు ఈయన! ఆ మిగిలినవాళ్ళలో ఆయన పుట్టిన ఊరివాళ్ళూ, హైదరాబాద్‌లో ఆయన పత్రిక చదివినవాళ్ళూ ఉన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

అదే మనిషి 1965 ఎన్నికల్లో సైనికాధికారి అయూబ్ ఖాన్‌కు ఎదురు నిలిచి, ఫాతిమా జిన్నా అనే ఆడమనిషికి మద్దతిచ్చారు. ముప్పై ఏళ్ళు కూర్చుని ఖురాన్‌కు ఆరు సంపుటాల వ్యాఖ్యానం రాశారు. 1979లో అమెరికాలో పోయారు.

చంటీ, నీ సోషల్ పుస్తకం మొదట్లో రాజ్యాంగ పీఠిక ఉంటుంది, మొదటి మాట చూడు. ఆయన జైల్లో ఉండగా 1949 మార్చిలో పాకిస్తాన్ తమ రాజ్యాంగం ఎలా ఉండాలో ఒక తీర్మానం చేసుకుంది, అది అక్క నెట్‌లో వెతికి పెడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరి పేరుతో మొదలైందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య