ఆఖరి షాట్ ఒక్కటే కనబడుతుంది: బాస్కెట్‌బాల్ గెలుపోటములపై అపోహలు - వాస్తవాలు

మ్యాచ్ అయ్యాక పిల్లల తల్లిదండ్రులు నన్నడిగే ప్రశ్నలు రెండే. "సార్, గెలిచామా?" "మావాడు ఎన్ని పాయింట్లు కొట్టాడు?" వాళ్ల తప్పేం లేదు, స్కోర్‌బోర్డు ఇంతకంటే ఏం చెబుతుంది? జట్టు ఎలా ఆడిందో మాత్రం ఆ రెండు జవాబుల్లో దొరకదు. కోచింగ్‌లో ఉన్నవాళ్లే కొందరు గట్టిగా నమ్మే అపోహలు ఇవి. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ నుంచే తీసుకున్నాను. కావాలంటే ఆ వీడియోలు వెతికి చూసుకోవచ్చు.

అపోహ: మ్యాచ్ ఆఖరి షాట్ దగ్గర తేలుతుంది

2013 ఎన్‌బీఏ ఫైనల్స్, ఆరో మ్యాచ్. సిరీస్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ 3-2తో ముందుంది. మ్యాచ్‌లో ఇంకో 28 సెకన్లు ఉండగా మయామి హీట్ కంటే 5 పాయింట్లు ఎక్కువ. ట్రోఫీ ఇవ్వడానికి కోర్టు చుట్టూ తాళ్లు కూడా తెచ్చేశారు. 5.2 సెకన్లు మిగిలినప్పుడు మయామి ఆటగాడు రే అలెన్ మూల నుంచి త్రీ (మూడు పాయింట్ల దూరపు షాట్) వేసి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో మయామి 103-100తో నెగ్గింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచి టైటిల్ పట్టుకుపోయింది.

జనానికి గుర్తుండిపోయింది అలెన్ షాట్. ఆ అర నిమిషాన్ని ఒకసారి ఆపి ఆపి చూడండి. స్పర్స్ ఆటగాడు మను జినోబిలి రెండు ఫ్రీ త్రోల్లో (ఫౌల్‌కి దొరికే, ఎవరూ అడ్డుకోని షాట్లు) ఒకటి వదిలాడు. అదే జట్టు కవాయ్ లెనర్డ్ కూడా రెండింట్లో ఒకటి వదిలాడు. మయామి స్టార్ లెబ్రాన్ జేమ్స్ త్రీలు రెండు తప్పాయి, ఆ రెండుసార్లూ రీబౌండ్ (తప్పి వెనక్కొచ్చిన బంతి) మయామికే దొరికింది. మొదటి రీబౌండ్ తర్వాత లెబ్రాన్ త్రీ పడింది, రెండోదాని తర్వాత అలెన్‌ది పడింది. ఆ రెండు సందర్భాల్లోనూ స్పర్స్ పొడగరి టిమ్ డంకన్ బెంచ్ మీదున్నాడు. త్రీలను అడ్డుకోవడానికి చురుగ్గా కదిలేవాళ్లు కావాలని కోచ్ గ్రెగ్ పొపొవిచ్ అతన్ని బయట కూర్చోబెట్టాడు. దానికి ఆయన్ని ఇప్పటికీ తిడతారు. నేను తిట్టను. ఆ ఆధిక్యంతో ఉన్నప్పుడు దెబ్బతీసేవి త్రీలే, నేనైనా అలాగే చేసేవాణ్ని. బాక్స్ అవుట్ (రీబౌండ్ కోసం ప్రత్యర్థిని ఒంటితో అడ్డుకుని వెనక్కి పెట్టడం) చేయాల్సిన బాధ్యత కోర్టులో ఉన్న అయిదుగురిదీ.

మా ప్రాక్టీసులో ఫ్రీ త్రోలు చివర్లో, కాళ్లు పీకుతున్నప్పుడు వేయించేది అందుకే. పొద్దున్నే తాజాగా వచ్చి పదికి తొమ్మిది వేసేవాడు నాలుగో క్వార్టర్‌లో ఎలా వేస్తాడో నాకు తెలియాలి కదా.

అపోహ: గెలిచామంటే బాగా ఆడినట్టే

బలహీనమైన జట్టు మీద భారీ తేడాతో గెలిచిన రోజే డిఫెన్స్‌లో చిల్లులు కనబడకుండా పోతాయి. నేను చూసుకునేవి నాలుగు: షాట్లు ఎంత శాతం పడ్డాయి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) ఎన్ని, తప్పిన మన షాట్లను మనమే ఎన్నిసార్లు అందుకున్నాం, ఫ్రీ త్రోల వల్ల ఏం వచ్చింది. అమెరికా గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. మొత్తం పాయింట్లు చూసి మోసపోవద్దు. 90 పొజెషన్లలో (బంతి మన చేతిలో ఉన్న దాడులు) 90 పాయింట్లు చేసిన జట్టు కంటే 65 పొజెషన్లలో 70 చేసిన జట్టు అఫెన్సే మెరుగు.

అపోహ: స్టార్లుంటే చాలు. (దీని కవల: అంతా కోచ్ చేతిలోనే ఉంది)

2004 జూన్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్‌లో లారీ బ్రౌన్ కోచింగ్‌లో డెట్రాయిట్ పిస్టన్స్ లేకర్స్‌ని 4-1తో ఓడించింది. ఆ లేకర్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఉన్నారు. రెండు నెలలు తిరక్కుండానే అదే బ్రౌన్ అమెరికా జట్టు కోచ్‌గా డంకన్, ఐవర్సన్, లెబ్రాన్, వేడ్‌లను వెంటేసుకుని ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. మొదటి మ్యాచ్‌లోనే ప్యూర్టో రికో 92-73తో చావగొట్టింది. అమెరికా 24 త్రీలు వేస్తే పడ్డవి 3. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలోనూ ఓడి కాంస్యంతో తిరిగొచ్చింది. స్వర్ణం గెలిచిన ఆ అర్జెంటీనా 2002 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే అమెరికాకి ఒకసారి రుచి చూపించింది. ఎన్నో ఏళ్లు కలిసి ఆడినవాళ్లు.

ఇక పొపొవిచ్ సంగతి. ఎన్‌బీఏలో అత్యధిక విజయాలున్న కోచ్. 1996 డిసెంబర్‌లో స్పర్స్ పగ్గాలు పట్టాక ఆ సీజన్‌లో ఆయన ఖాతా 17 గెలుపులు, 47 ఓటములు. జట్టు స్టార్ డేవిడ్ రాబిన్సన్ గాయాలతో ఆ సీజన్‌లో ఆరు మ్యాచ్‌లే ఆడాడు, డంకన్ ఇంకా రాలేదు; అతను 1997 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) వచ్చాడు. 1999లో ఇద్దరూ కోర్టులో ఉన్నప్పుడు టైటిల్ వచ్చింది. కోచ్ అదే మనిషి.

అపోహ: పొడవుంటేనే రీబౌండ్లు

డెన్నిస్ రాడ్‌మన్ ఎత్తు రెండు మీటర్ల పైచిలుకు. ఎన్‌బీఏ లెక్కలో అది పొడవేం కాదు. వరసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో అతనే మొదటివాడు.

అపోహ: బెంచ్ మీదున్నవాడు పనికిరానివాడు

మన దగ్గర ఈ రోగం ఎక్కువ. సబ్‌స్టిట్యూషన్ చేస్తే చాలు, పిల్లాడి కంటే ముందు వాళ్ల నాన్న మొహం మాడుతుంది. 2013 ఫైనల్స్‌లో ఆ ఘోర ఓటమి తర్వాతి సీజన్లో స్పర్స్ ఏం చేసిందో చూడండి: లీగ్ దశలో ఏ ఒక్కరికీ సగటున 30 నిమిషాల ఆట లేదు. అయినా 62 మ్యాచ్‌లు గెలిచింది. ఫైనల్స్‌లో అదే మయామిని 4-1తో ఓడించింది. అర్జెంటీనా తరఫున ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకున్న జినోబిలి ఆ జట్టులో బెంచ్ నుంచే వచ్చేవాడు.

అపోహ: అరిచే కోచే మంచి కోచ్

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో టైమౌట్ ఒక్క నిమిషం. రెండో సగానికి మూడే ఉంటాయి. పిల్లలు వచ్చి కూర్చుని నీళ్లు తాగేసరికే సగం అయిపోతుంది. మిగిలిన అర నిమిషంలో నేను చెప్పేది ఒకటే: వచ్చే పొజెషన్‌లో ఎవరు ఎవర్ని పట్టుకోవాలి. తిట్లుంటే మర్నాడు ప్రాక్టీసులో చూసుకుంటాను.