దశమభాగం: కానుక పన్నుగా మారిన చోటు

సంపాదనలో పదో వంతును, అంటే దశమభాగాన్ని, సంఘానికి (చర్చికి) ఇవ్వని విశ్వాసి దేవుని దగ్గర దొంగతనం చేస్తున్నట్టేనా? ఈ ప్రశ్న మళ్లీ రాజుకుంది. ఇవ్వకపోతే దొంగతనమేనని ఒక పక్షం బైబిల్లో మలాకీ 3వ అధ్యాయం చూపిస్తుంది, బలవంతం లేకుండా మనసులో నిర్ణయించుకున్నంతే ఇవ్వాలని మరో పక్షం రెండో కొరింథీ 9వ అధ్యాయం తెరుస్తుంది. అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకు ఇచ్చిన పదో వంతు గురించీ, ఆలయ సేవ చేసే లేవీయుల వాటా గురించీ ఎన్నో ప్రసంగాలు వినే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. ఈ గొడవ అసలు ముడి 8వ శతాబ్దపు ఐరోపాలో పడిందని నా అభిప్రాయం.

దశమభాగం ఇవ్వనివాళ్లను వెలివేస్తామని 585లోనే నేటి ఫ్రాన్స్‌లోని మాకోన్‌లో కూడిన బిషప్పుల సభ హెచ్చరించింది. అయితే అది సంఘం మాట. 779లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ హెర్‌స్టాల్ శాసనంతో దాన్ని రాజాజ్ఞ చేశాడు. ఆ తర్వాత వంతు నేటి ఉత్తర జర్మనీలో ఉండిన సాక్సన్లది. యుద్ధంలో ఓడిన ఆ జనానికి బాప్తిస్మం ఇచ్చారు, వెంటనే దశమభాగం కట్టమన్నారు. యేసు ఎవరో ఇంకా సరిగా తెలియనివాళ్లకు ఆయన పేరుతో ముందుగా వచ్చింది వసూలు మనిషి.

దీన్ని తప్పుపట్టినవాడు బయటివాడు కాదు, అదే రాజుకు ఆప్తుడైన పండితుడు ఆల్క్విన్. దశమభాగాలే సాక్సన్ల విశ్వాసాన్ని పాడుచేశాయంటున్నారని 796లో ఒక ఉత్తరంలో రాశాడు. రాజుకు రాసిన మరో ఉత్తరంలో ఆయన చెప్పింది ఇది: దశమభాగం మంచిదే, కానీ విశ్వాసం పోగొట్టుకోవడం కంటే దాన్ని వదులుకోవడం మేలు. ఈ విశ్వాసంలో పుట్టి పెరిగిన మనమే పూర్తిగా ఇవ్వడానికి వెనకాడతామే, కొత్తవాళ్ల మీద ఆ బరువు ఎలా పెడతాం అని అడిగాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఈ ప్రశ్నకు దీటైన జవాబు నాకు కనిపించలేదు.

అసలు అంతకుముందు సంఘం ఎలా ఇచ్చేది? 2వ శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్ రాసినదాని ప్రకారం, ఆదివారం కూడిక తర్వాత ఉన్నవాళ్లు తమకు తోచినంత ఇచ్చేవారు. అది అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు వెళ్లేది. ఆ శతాబ్దం చివర్లో మరో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ ఇంకా స్పష్టంగా చెప్పాడు: నెలకోసారి, ఇష్టముంటే, స్తోమతుంటే. బలవంతం లేదు. ఆ డబ్బుతో బీదలను పోషించేవారు, వాళ్లు చనిపోతే పాతిపెట్టేవారు. ఓడ మునిగి సర్వం పోగొట్టుకున్నవాళ్లనూ, విశ్వాసం కోసం గనుల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్లనూ ఆదుకునేవారు. ఆయన జాబితాలో వంతుల లెక్క లేదు.

రాజాజ్ఞ అయ్యాక ఆ లెక్కే పొలంలోకి దిగింది. ఇంగ్లండులో కోతకాలంలో పదో పన మీద పచ్చటి కొమ్మ గుచ్చి గుర్తు పెట్టేవారు, అది సంఘానిది. వందల ఏళ్లు రైతు కళ్లకు కనిపించిన దశమభాగం ఆ కొమ్మే. ఫ్రాన్స్‌లో 1789 విప్లవం దాన్ని రద్దు చేసింది. ఇంగ్లండులో 1836 చట్టం పంట వాటాను నగదు చెల్లింపుగా మార్చింది, 1936 చట్టం దాన్నీ తీసేసింది.

చట్టం పోయినా వంతు పోలేదు. 1870లలో షికాగో వ్యాపారి థామస్ కేన్ దశమభాగం మీద కరపత్రాలు అచ్చువేసి పాస్టర్లకు పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. ఇచ్చినవాళ్లు ఆర్థికంగానూ వర్ధిల్లుతారన్నది ఆయన నమ్మకం. ఈనాడు వినిపించే ‘ఇవ్వు, పొందుతావు’ బోధకు దగ్గరి బంధువు ఇదే. రాజు భయం పోయిన చోట దీవెన ఆశ వచ్చి కూర్చుంది.

దశమభాగం బోధించేవాళ్ల మాటలోనూ పస ఉంది. క్రమం లేకపోతే మనిషి మిగిలిందే ఇస్తాడు, పదో వంతు ఆ చేతికి అలవాటు నేర్పుతుంది అంటారు. పుదీనా, సోపు, జీలకర్రలో పదో వంతు ఇచ్చే, నియమాలు కచ్చితంగా పాటించే యూదు వర్గం పరిసయ్యులతో యేసు ‘వాటిని మానకుండా’ అన్నాడనీ గుర్తుచేస్తారు. నిజమే. కానీ ఆ వాక్యంలోనే న్యాయం, కనికరం, విశ్వాసం అంతకంటే ముఖ్యమైనవని ఉంది.

విశ్వాసిని దేవుని సొత్తుకు గృహనిర్వాహకుడు అంటారు. గృహనిర్వాహకుడంటే యజమాని సొత్తుకు లెక్క చెప్పాల్సినవాడు. ఆ లెక్క ఇచ్చేవాడికే కాదు, పుచ్చుకునేవాడికీ వర్తిస్తుంది. యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు అపొస్తలుడైన పౌలు ఆ డబ్బు ఒంటరిగా మోయలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట పెట్టుకున్నాడు. అది రెండో కొరింథీ 8వ అధ్యాయంలో ఉంది. ఇక మలాకీ 3లో ‘దొంగిలితిరి’ అన్న 8వ వచనాన్ని చదివి వినిపించేవాళ్లు మూడు వచనాలు వెనక్కి వెళ్లి 5వ వచనం కూడా చదవాలి. కూలివాడి కూలి బిగబట్టేవాళ్లమీద, విధవరాండ్రనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవాళ్లమీద దేవుడు సాక్ష్యం చెబుతానన్నది అక్కడే.