బొప్పాయికి భయపడతాం, అతిమధురాన్ని మరచిపోతాం

మన ఇళ్లలో అమ్మాయి నెల తప్పిందని తెలియగానే మొదటి నిషేధం బొప్పాయి మీదే పడుతుంది. అదే అమ్మాయికి దగ్గొస్తే తులసి, మిరియాలు, అతిమధురం వేసి మరిగించిన కషాయం గ్లాసు నిండా ఇస్తారు. ఆకులూ వేర్లే కదా, ఏం చేస్తాయిలే అన్న ధీమా. ఈ రెండింటిలో ఎక్కువ ఆలోచించాల్సింది ఆ ధీమా గురించే అని నా అభిప్రాయం.

ముందు బొప్పాయి సంగతి. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు 2002లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. బాగా పండిన బొప్పాయి రసం తాగిన ఎలుకల గర్భానికి ఏ హానీ జరగలేదు. పచ్చికాయను గీస్తే కారే పాలు మాత్రం, ఎలుక గర్భాశయ కండరానికి తగిలించగానే, కాన్పు నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ ఇచ్చినట్టే దాన్ని బిగిసిపోయేలా చేశాయి. అంటే పెద్దవాళ్ల హెచ్చరికలో విషయం ఉంది, కాకపోతే అది పచ్చికాయకూ, పాలు ఇంకా ఆరని దోరకాయకూ వర్తించాలి. ఎలుకల్లో కనిపించింది మనుషులకు రుజువు కాదు. అయినా ఆ తొమ్మిది నెలలు పచ్చి బొప్పాయి కూర మానేస్తే పోయేదేమీ లేదు.

అతిమధురం గురించిన సాక్ష్యం మనుషుల నుంచే వచ్చింది. ఫిన్లాండ్‌లో ఈ వేరు సారంతో చేసే నల్లటి మిఠాయి అంటే జనానికి చాలా ఇష్టం, గర్భిణులూ తింటారు. హెల్సింకీలో 1998లో కాన్పైన తల్లులను వారానికి ఎంత తిన్నారో అడిగి రాసుకున్నారు. అతిమధురానికి తీపినిచ్చే గ్లైసిరైజిన్ అనే పదార్థం వారానికి 500 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న వాళ్లలో నెలలు నిండకముందే కాన్పు కావడం ఎక్కువగా కనిపించింది. ఆ పిల్లల్లో కొందరికి సుమారు 12 ఏళ్లు వచ్చాక పరీక్షలు చేసి 2017లో ఫలితాలు ప్రకటించారు. తల్లులు ఎక్కువగా తిన్న పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయి. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం కూడా వాళ్లలో ఎక్కువ.

ఇలాంటి పరిశీలనలో ఆ తల్లుల మిగతా అలవాట్ల ప్రభావం కొంత కలిసి ఉండొచ్చు. కానీ దీని వెనక ఉన్న శరీర ధర్మం స్పష్టంగా తెలిసిందే. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తల్లి రక్తంలో బిడ్డ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. మాయలోని ఒక ఎంజైము దానిలో చాలా భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. బిడ్డకు అదే కాపలా. గ్లైసిరైజిన్ సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. అదే ఎంజైము తల్లి మూత్రపిండాల్లోనూ ఉంది. అక్కడ దాని పని ఆగితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. గర్భిణికి బీపీ పెరగడం ఎంత ప్రమాదమో కొత్తగా చెప్పనక్కర్లేదు. 2016లో ఫిన్లాండ్ ఆరోగ్య సంస్థ గర్భిణులకు వద్దని చెప్పే వాటిలో అతిమధురాన్ని చేర్చింది.

మన లెక్కలో చూద్దాం. వేరులో గ్లైసిరైజిన్ ఎంతుంటుందన్నది రకాన్ని బట్టి బాగా మారుతుంది. 5 శాతం అనుకుంటే 10 గ్రాముల పొడిలోనే 500 మిల్లీగ్రాములు ఉన్నట్టు. రోజుకు అర టీస్పూను చొప్పున వారం రోజులు తేనెలో కలుపుకుని చప్పరిస్తే దాదాపు అంతే అవుతుంది. పైగా గ్లైసిరైజిన్ చక్కెర కన్నా 30 నుంచి 50 రెట్లు తియ్యన కాబట్టి చాలా హెర్బల్ టీల్లో తీపి కోసం అతిమధురాన్ని కలుపుతారు. చక్కెర లేదని మురిసిపోయి కొనే ముందు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవాలి.

అలాగని వంటింటి డబ్బాలన్నింటినీ అనుమానించాల్సిన పని లేదు. వేవిళ్లకు అల్లం పనిచేస్తుందని చాలా పరీక్షలే చెప్పాయి. థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో 70 మంది గర్భిణుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2001లో వచ్చాయి. రోజుకు 1 గ్రాము అల్లం పొడిని నాలుగు రోజులు తీసుకున్న వాళ్లకు వికారం, వాంతులు బాగా తగ్గాయి. ఒక గ్రాము అంటే మన శొంఠి పొడి సుమారు అర టీస్పూను. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు మాత్రం ముందుగా డాక్టర్‌ని అడగాలి. మంచినీళ్లు కూడా కడుపులో నిలవనంత వాంతులైతే శొంఠితో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పోపులో వేసే మెంతులతో ఇబ్బంది లేదు. నెలలు నిండాక నొప్పులు త్వరగా వస్తాయని గ్లాసులకొద్దీ మెంతి కషాయం తాగడం వేరు. అలా తాగిన తల్లుల బిడ్డల మూత్రం వింతగా తీపి వాసన రావడంతో, అదే వాసన వచ్చే అరుదైన జన్యు జబ్బేమోనని డాక్టర్లు కంగారుపడిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆ వాసన మెంతుల్లోని సోటోలోన్ అనే పదార్థానిది. తల్లి తాగింది బిడ్డ దాకా వెళ్తుందనడానికి ఇంతకంటే తేలికైన సాక్ష్యం దొరకదు.

టెన్షన్ తగ్గుతుందనీ నిద్ర పడుతుందనీ చెప్పి అమ్మే అశ్వగంధ క్యాప్సూల్స్ గర్భంతో ఉన్నప్పుడు మానేయాలి. డెన్మార్క్ 2023లో అశ్వగంధను మొత్తానికే నిషేధించింది, గర్భానికి హాని చేయొచ్చన్న భయం ఆ నిర్ణయానికి ఒక కారణం. మలబద్ధకానికి ముసాంబరం (ఎండబెట్టిన కలబంద రసం) కూడా వద్దు, అది పేగులను గట్టిగా కదిలిస్తుంది. తగినన్ని నీళ్లతో ఇసబ్గోల్ వాడుకోవచ్చు.

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేవి పేరు తెలియని పొట్లాలు. న్యూయార్క్‌లో 2011, 2012 సంవత్సరాల్లో 6 గురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు బయటపడింది. ఆరా తీస్తే ఇండియా నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడుతున్నారని తేలింది. సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రుచిలోనూ వాసనలోనూ దొరకదు. ఇక మగపిల్లాడు పుట్టాలని నెల తప్పాక ఇచ్చే మందులు మరీ అన్యాయం. ఆడో మగో అన్నది పిండం ఏర్పడిన క్షణంలోనే నిర్ణయమైపోతుంది. అవయవాలన్నీ రూపుదిద్దుకునే ఆ వారాల్లోనే ఈ మందు మింగిస్తారు. వీటికీ పుట్టుకతో వచ్చే లోపాలకూ సంబంధం ఉందని హరియాణాలో చేసిన అధ్యయనం 2015లో చెప్పింది. అత్తగారు ఇచ్చినా సరే, ఈ ఒక్కటీ గట్టిగా కాదనాలి.

గ్రీన్ టీ హెర్బల్ టీ కాదు, మామూలు టీ ఆకే, కెఫీన్ ఉంటుంది. కాఫీ, టీ అన్నీ కలిపి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని డాక్టర్లు చెబుతారు. టీలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. కాబట్టి ఐరన్ మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, రెండు గంటలు తేడా ఉండాలి.

ఇది చదివే అమ్మాయి ఇప్పటికే అతిమధురం వేసిన కషాయం రెండు మూడు సార్లు తాగి ఉండొచ్చు. దానికి భయపడక్కర్లేదు, ఫిన్లాండ్‌లో తేడా కనిపించింది వారాల తరబడి ఎక్కువగా తిన్నవాళ్లలో. ఇక ఆపేస్తే సరిపోతుంది. చెకప్‌కి వెళ్లినప్పుడు ఏం మందులు వాడుతున్నావమ్మా అని అడిగితే కషాయాలూ పొడులూ టీలూ కూడా చెప్పాలి. పేర్లు గుర్తు లేకపోతే ఆ ప్యాకెట్లే సంచీలో వేసుకుని తీసుకెళ్లి చూపించవచ్చు.