పంచాయతీ ప్రణాళికలో సామాజిక న్యాయం: అపోహలు – వాస్తవాలు

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల తయారీపై వార్డు సభ్యులకు, కార్యదర్శులకు శిక్షణ ఇవ్వడం నా పని. సిమెంటు రోడ్ల గురించి గంటసేపు ఉత్సాహంగా మాట్లాడేవారు సైతం ‘సామాజిక న్యాయం’ అన్న పేజీ రాగానే దాన్ని గబగబా తిప్పేస్తారు. ఆ పేజీ దగ్గర నాకు తరచుగా వినిపించే మాటల్లో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: సామాజిక న్యాయం అన్నది పై ప్రభుత్వాలు చూసుకోవలసిన పని, పంచాయతీ పని దీపాలు, కాలువలు.

వాస్తవం: 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 243జి అధికరణం, ‘ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం’ రెండింటి కోసమూ ప్రణాళికలు తయారు చేసే బాధ్యతను పంచాయతీలకు అప్పగించవచ్చునని ఒకే మాటగా చెబుతుంది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో మహిళా శిశు అభివృద్ధి, వికలాంగుల సంక్షేమం, షెడ్యూల్డు కులాలు, తెగలతో సహా బలహీన వర్గాల సంక్షేమం కూడా ఉన్నాయి. ఆ అంశాలపై నిజమైన అధికారం ఏ మేరకు కిందికి దిగిందన్నది వేరే చర్చ. అయితే అధికారం రాలేదన్న కారణంతో లక్ష్యం రాసుకోవడమే మానేయడం సరికాదు.

అపోహ: గ్రామసభ జరిగింది, మినిట్స్ పుస్తకంలో సంతకాలు ఉన్నాయి, కనుక ప్రజల మాట ప్రణాళికలో చేరినట్లే.

వాస్తవం: అన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిగాయి. అంత పెద్ద ఏర్పాటు చేయగల శక్తి మనకు ఉందని అది రుజువు చేసింది. కానీ సభ జరగడం వేరు, సభలో ఎవరు మాట్లాడారన్నది వేరు. ఉదయం పదకొండు గంటలకు సభ పెడితే కూలి పనులకు వెళ్లేవారు పొలంలో ఉంటారు. వచ్చిన కొద్దిమందీ, ముందు వరుస కుర్చీలు ఎవరివో తెలిసినవారు కాబట్టి, వెనక నిలబడి వింటారు. చివరికి పుస్తకంలో ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్న వాక్యం చేరుతుంది.

ఒక గ్రామంలో మేము సభకు ముందు రోజు సాయంత్రం, పనులనుంచి అందరూ తిరిగి వచ్చాక, ఎస్సీ కాలనీలో కూర్చున్నాము. స్వయం సహాయక సంఘాల మహిళలు నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం వేశారు. ఎర్రటి ఇటుక పొడితో మంచినీటి పైపులైను గీస్తూ వచ్చిన పెద్దావిడ ఒకరు కాలనీ మొదట్లోనే చెయ్యి ఆపేశారు. లైను అక్కడితో ఆగిపోలేదు కదా అని అడిగితే, ‘కుళాయి చివరి దాకా ఉంది నాయనా, నీళ్లే ఇక్కడి దాకా వస్తాయి’ అన్నారు. మర్నాడు నీళ్లు వదిలే వేళకు వెళ్లి చూశాము. ట్యాంకు పక్క వీధిలో నిమిషంలో నిండిన బిందె, కాలనీ చివరి కుళాయి కింద 9 నిమిషాలకు గాని నిండలేదు. అప్పటి ప్రణాళికలో ‘కాలనీలో ఇంటింటికీ కుళాయి: పూర్తయింది’ అని రాసి ఉంది. అబద్ధమేమీ కాదు, కుళాయిలు నిజంగానే ఉన్నాయి. కాలనీ మహిళలు ఆ లక్ష్యాన్ని తిరగరాయించారు: ‘సరఫరా వేళలో చివరి కుళాయి దగ్గర బిందె 2 నిమిషాల్లో నిండాలి.’ ఇంతకంటే స్పష్టమైన సామాజిక న్యాయ లక్ష్యాన్ని నేను ఏ శిక్షణ పుస్తకంలోనూ చూడలేదు.

అపోహ: ఇలాంటి లక్ష్యాలకు పంచాయతీ దగ్గర డబ్బు ఉండదు.

వాస్తవం: కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలపు గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించాలని చెప్పింది. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నది. వచ్చే మొత్తం చిన్నదే, విడుదలలో జాప్యమూ ఉంటుంది, కాదనను. అయితే పైన చెప్పిన గ్రామంలో అడ్డు డబ్బు కాదు; ఎగువ వీధిలో కొన్ని ఇళ్లవారు పైపుకు నేరుగా బిగించుకున్న మోటార్లు. వాటిని తీయించి, వాల్వులను వంతులవారీగా తిప్పితే చాలు, పైసా ఖర్చు లేదు. మోటార్ల యజమానులు గ్రామసభలో ముందు వరుస కుర్చీల్లో కూర్చునేవారు కావడం వల్లనే తీర్మానానికి రెండు సభలు పట్టింది.

అపోహ: వార్డుకు ఇంత చొప్పున సమానంగా పంచితే అదే న్యాయం.

వాస్తవం: ఇప్పటికే రోడ్డు, కాలువ, దీపం అన్నీ ఉన్న వార్డుకు, ఏదీ లేని తండాకు ఒకే మొత్తం ఇస్తే తేడా యథాతథంగా ఉండిపోతుంది. అలా పంచితే వార్డు సభ్యుల మధ్య తగాదా రాదు, అంతవరకే దాని సౌలభ్యం.

అపోహ: స్థానిక సంస్థల్లో మహిళలకు సగం స్థానాలు ఉన్నాయి కాబట్టి వారి అవసరాలు వాటంతట అవే ప్రణాళికలోకి వస్తాయి.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్‌లో 50 శాతం రిజర్వేషన్ నిజంగానే పెద్ద మార్పు. కానీ ‘సర్పంచ్ గారి భర్త’ అనే పదవి చట్టంలో లేకపోయినా చాలా వేదికలపై దానికి కుర్చీ వేస్తున్నారు. గ్రామసభకు ముందు విడిగా మహిళా సభ జరిపి, అక్కడి తీర్మానాలను మహిళలే వచ్చి గ్రామసభలో చదివే పద్ధతి ఉన్న ఊళ్లలో ప్రణాళిక తేడా కంటికి కనిపిస్తుంది.

అపోహ: ప్రణాళికను పంచాయతీల కోసం కేంద్రం నడిపే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించడంతో పని పూర్తవుతుంది.

వాస్తవం: ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను గ్రామాల కోసం 9 ఇతివృత్తాలుగా కుదించారు. వాటిలో ఒకటి సామాజిక న్యాయం, సామాజిక భద్రత ఉన్న పంచాయతీ. పోర్టల్‌లో ఆ గడి నింపడం సులభమే. నింపిన దాన్ని ఆరు నెలల తర్వాత ఎవరు సరిచూస్తారన్నది కూడా లక్ష్యంతో పాటే రాయాలి. ఆ కాలనీలో బిందె లెక్కను ఇప్పుడు గ్రామ సంఘం (ఊళ్లోని స్వయం సహాయక సంఘాల సమాఖ్య) తన సమావేశపు పుస్తకంలో నెలనెలా రాస్తోంది. గత వేసవిలో అది మళ్లీ 5 నిమిషాలకు చేరినప్పుడు, ఇటుక పొడితో గీత గీసిన ఆ పెద్దావిడే పుస్తకం పట్టుకుని గ్రామసభకు వచ్చి, ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.