అలీ, ఫ్రేజియర్, నా భుజం మీద టవల్: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆదివారం స్పారింగ్ అయిపోయాక గ్లవ్స్ ఎండలో ఆరేసి, వేపచెట్టు కింద మా పిల్లలు చేసే పని ఒకటే. ఫోన్లో పాత బౌట్లు పెట్టుకుని ముహమ్మద్ అలీ గొప్పా, జో ఫ్రేజియర్ గొప్పా అని కొట్టుకుంటారు. నాకది ఇష్టమే. యాభై ఏళ్ళ కిందటి ఆట చూసి ఇప్పటి కుర్రాడు నేర్చుకునేది చాలా ఉంది. కానీ పోయిన నెల ఒకడన్న మాట నాకు మింగుడు పడలేదు. "ఫ్రేజియర్ పిరికోడు సార్. మనీలాలో పదిహేనో రౌండ్‌కి స్టూల్ మీంచి లేవనే లేదు." పక్కన నలుగురు అవునన్నట్టు తలూపారు.

అదే వారం ఇంకో అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది. "మాస్టారూ, బౌట్ మధ్యలో ఇక చాలని ఆపించడానికి మీరు రింగ్‌లోకి టవల్ వేస్తే మావాడి సర్టిఫికెట్‌కి ఏమైనా ఇబ్బందా? వేయొద్దని చెప్పమన్నారు వాళ్ళ నాన్నగారు."

ఈ రెండు మాటలూ ఒకే చోట పుట్టాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను.

అపోహ: అలీ 2, ఫ్రేజియర్ 1. లెక్క తేలిపోయింది.
వాస్తవం: మూడు బౌట్లూ ఒకే బరువున్నవి కావు. 1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరూ ఓటమి ఎరుగని వాళ్ళుగా దిగారు. అలీ 31 గెలిచి, ఫ్రేజియర్ 26 గెలిచి వచ్చారు. ఇద్దరికీ చెరో 25 లక్షల డాలర్లు. పదిహేనో రౌండ్లో ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్‌కి, అంటే ఎడమ చేత్తో పక్క నుంచి తిప్పి కొట్టే దెబ్బకి, అలీ వెల్లకిలా పడ్డాడు, లేచాడు, పాయింట్ల మీద ఓడాడు. 1974 జనవరిలో జరిగిన రెండోది 12 రౌండ్ల బౌట్, ప్రపంచ టైటిల్ కూడా లేదు. అందులో అలీ ఎన్నిసార్లు ఫ్రేజియర్ మెడ పట్టుకుని కిందికి వంచాడో చూస్తూ లెక్కపెట్టండి. మూడోది మనీలా. దాని దగ్గరికి వస్తాను.

అపోహ: ఫ్రేజియర్‌ని జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు, ఆ ఫోర్‌మన్‌ని అలీ కొట్టాడు, కాబట్టి ఫ్రేజియర్ అలీకి సాటే కాదు.
వాస్తవం: బాక్సింగ్‌లో ఇలాంటి గొలుసు లెక్కలు పనికిరావు. 1973 మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. మరుసటి ఏడు ఫోర్‌మన్ అదే నార్టన్‌ని రెండు రౌండ్లలో ముగించాడు. ఆ ఏడే అక్టోబర్ 30న కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండ్లో ఫోర్‌మన్‌ని పడేశాడు. మీ గొలుసు ప్రకారం అలీ ఫోర్‌మన్ చేతిలో రెండు రౌండ్లు కూడా నిలవకూడదు. ఎవడి స్టైల్ ఎవడికి పడదో అన్నదే ఆట. వంగి, ఊగుతూ లోపలికి చొచ్చుకొచ్చే ఫ్రేజియర్‌కి కింద నుంచి లేచే ఫోర్‌మన్ అప్పర్‌కట్ సరిగ్గా ఎదురొచ్చేది. వెనక్కి వాలి తప్పించుకునే అలీకి ఫ్రేజియర్ హుక్ ఎదురొచ్చేది.

అపోహ: అలీ చేతులు దించి ఆడాడు, మనమూ ఆడొచ్చు.
వాస్తవం: వద్దు నాన్నా. ఆ కాళ్ళు నీకు లేవు. ఆ కాళ్ళు తగ్గిన రోజున ఆ హుక్ ఆయన్నీ పడేసింది.

అపోహ: 1971లో అలీకి తుప్పు పట్టింది, అందుకే ఫ్రేజియర్ గెలిచాడు.
వాస్తవం: సగం నిజం. 1967 ఏప్రిల్‌లో సైన్యంలో చేరనన్నందుకు మూడున్నరేళ్ళు రింగ్‌కి దూరమయ్యాడు. అది ఆయన ఆటలో మంచి వయసు. కానీ ఆ లోటుని వాడుకున్నవాడు ఫ్రేజియర్ అని చెప్పేవాళ్ళు ఒకటి మర్చిపోతారు. అలీకి లైసెన్స్ తిరిగివ్వాలని ఆ రోజుల్లో ఫ్రేజియర్ తన వంతుగా నిలబడ్డాడు, డబ్బు సాయం కూడా చేశాడు. దానికి బదులుగా అలీ అతన్ని మైకుల ముందు గొరిల్లా అన్నాడు, తెల్లవాళ్ళ మనిషి అన్నాడు. సౌత్ కెరొలైనాలో పొలం పనులు చేసిన పేద నల్లవాడి కొడుకుని ఆ మాట అనడం అన్యాయం. అలీ 2001లో క్షమాపణ చెప్పాడు. నాకు అలీ అంటే ప్రాణం, ఆ మాటలు మాత్రం ఇప్పటికీ వినలేను.

ఇక అసలుది.

అపోహ: కార్నర్ నుంచి, అంటే రింగ్ మూలలో బాక్సర్ వెంట ఉండే కోచ్ వైపు నుంచి, బౌట్ ఆపేస్తే ఆ బాక్సర్ చేతులెత్తేసినట్టే. మగాడైతే చివరి గంట దాకా నిలబడాలి.

ఇన్నేళ్ళలో పిల్లలకి దీనికంటే ఎక్కువ నష్టం చేసిన మాట నేను చూడలేదు. గట్టి ప్రత్యర్థి కంటే, చెడ్డ డ్రా కంటే, బరువు తగ్గడానికి చేసే పిచ్చి ఉపవాసాల కంటే ఇదే ఎక్కువ చేసింది.

1975 అక్టోబర్ 1. పేరుకి మనీలా అంటాం గాని బౌట్ జరిగింది పక్కనున్న కెజోన్ సిటీలో, అరనేటా కొలీజియంలో. అమెరికా టీవీల కోసం ఉదయం పదకొండు లోపే మొదలుపెట్టారు. ఆ వేడికి లైట్ల వేడి తోడు. మొదటి రౌండ్లు అలీవి, మధ్యవి ఫ్రేజియర్‌వి, పన్నెండో రౌండ్ నుంచి మళ్ళీ అలీవి. పదమూడో రౌండ్లో ఒక దెబ్బకి ఫ్రేజియర్ నోట్లోని గమ్ షీల్డ్ (పళ్ళకి పెట్టుకునే తొడుగు) ఎగిరి జనంలో పడింది. పద్నాలుగు ముగిసేసరికి అతని కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ కంటికి అప్పటికే శుక్లం. ఎన్నో ఏళ్ళుగా దాన్ని దాచుకుని ఆడుతున్నాడు. అంటే ఆ స్టూల్ మీద కూర్చున్నది దాదాపు చూపులేని మనిషి. ఎదురుగా వస్తున్న అలీ కుడి చెయ్యి అతనికి కనపడటం లేదు. కనపడని దెబ్బ ఎంత చేటో రింగ్ ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. దెబ్బ వస్తోందని తెలిస్తే మెడ బిగుస్తుంది. తెలియకపోతే తల మొత్తం విసురుగా తిరుగుతుంది, లోపల మెదడు ఊగుతుంది.

కోచ్ ఎడ్డీ ఫచ్ ఆపేశాడు. ఫ్రేజియర్ వద్దన్నాడు, ఇంకో రౌండ్ ఆడతానన్నాడు. ఫచ్ అతన్ని కూర్చోబెట్టి, అయిపోయింది, నువ్వివాళ చేసింది ఎవరూ మర్చిపోరు అన్నాడు. మూడు స్కోర్ కార్డుల్లోనూ అలీ ముందున్నాడు, కాబట్టి ఫ్రేజియర్ గెలవాలంటే ఆ మూడు నిమిషాల్లో నాకౌట్ చేయాలి. కళ్ళు కనపడని మనిషి.

ఇక్కడో పుకారు ఉంది. అవతలి కార్నర్‌లో అలీ కూడా గ్లవ్స్ కోసేయమన్నాడని, ఫచ్ పది సెకన్లు ఆగి ఉంటే ఫ్రేజియర్ గెలిచేవాడని. ఆ కార్నర్‌లో ఉన్నవాళ్ళే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. గెలిచాడని ప్రకటించాక అలీ రింగ్‌లోనే కుప్పకూలాడన్నది మాత్రం నిజం. సరే, పుకారు నిజమే అనుకుందాం. అయితే ఏమిటి? ఫచ్ చూడాల్సింది అవతలి స్టూల్‌నా, తన ముందున్న కుర్రాడి కళ్ళనా?

ఫ్రేజియర్‌ని పిరికివాడన్న మా వాడికి నేనో ప్రశ్న వేశాను. అలీ తన 61 బౌట్లలో చివరి గంట కొట్టకముందే ఓడింది ఎన్నిసార్లు? వాడికి తెలియదు. ఒకే ఒక్కసారి. 1980 అక్టోబర్ 2న, లారీ హోమ్స్ మీద. అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు. పదో రౌండ్ అయ్యాక కోచ్ ఏంజెలో డండీ ఆపేశాడు. కార్నర్‌లో ఒకతను ఇంకొక్క రౌండ్ అని బతిమాలితే, ఇక్కడ చీఫ్‌ని నేను, ఆపేస్తున్నాను అన్నాడు డండీ. ఫ్రేజియర్‌కి జరిగిందీ, అలీకి జరిగిందీ ఒకటే. ఒకర్ని పిరికివాడని, ఇంకొకర్ని యోధుడని ఎలా అంటాం? మా వాడు మాట్లాడలేదు.

నా బాధల్లా డండీ ఆపింది ఆలస్యంగా అని. 1977లో ఎర్నీ షేవర్స్‌తో 15 రౌండ్లు ఆడి గెలిచాక, అలీ డాక్టర్ ఫెర్డీ పచేకో రిపోర్టులు చూసి, కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఆపండి అని అందరికీ ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. పచేకో అలీ జట్టు వదిలి వెళ్ళిపోయాడు. అలీ ఆ తర్వాత ఇంకో నాలుగు బౌట్లు ఆడాడు. హోమ్స్ బౌట్‌కి ముందు చేసిన పరీక్షలో వేలితో ముక్కు కొన తాకమంటే గురి తప్పింది. అయినా దింపారు. పార్కిన్సన్స్ అని 1984లో తేలింది. అది దెబ్బల వల్లే వచ్చిందా అన్నదానిపై డాక్టర్లంతా ఒక్క మాట మీద లేరు. కాబట్టి నేనూ అనను. కానీ జెర్రీ క్వారీ సంగతి అంటాను. ఆయన్ని అలీ రెండుసార్లు, ఫ్రేజియర్ రెండుసార్లు కొట్టారు. ఎంత కొట్టినా ముందుకే వచ్చే మనిషని జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. దెబ్బల వల్ల వచ్చిన మతిమరుపు జబ్బుతో, తన పనులు తాను చేసుకోలేని స్థితికి చేరి, 1999లో 53 ఏళ్ళకే పోయాడు.

మా గురువుగారు 1980లో మద్రాసు వెళ్ళి అలీ ప్రదర్శన బౌట్ చూసొచ్చారు. ఊళ్ళో అందరూ చుట్టూ చేరి ఎలా ఉన్నాడు, ఎలా ఉన్నాడు అని అడిగితే, "మనిషి దేవుడిలా ఉన్నాడ్రా. మాటే మెత్తబడింది" అన్నారట. నాకు ఆ మాట చెప్పిన ప్రతిసారీ కాసేపు మౌనంగా ఉండిపోయేవారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట రాష్ట్ర స్థాయి పోటీల్లో మా కుర్రాడు సెమీస్‌కి వచ్చాడు. రెండో రౌండ్లో గట్టి దెబ్బ తింటే, తేరుకున్నాడో లేదో చూడటానికి రిఫరీ ఎనిమిది లెక్కపెట్టాడు. స్టూల్ మీద కూర్చున్నాక పేరడిగితే చెప్పాడు. ఎన్నో రౌండ్ రా అన్నాను. "మొదటిది సార్" అన్నాడు. నా భుజం మీద టవల్ ఉంది. వెనక వాళ్ళ నాన్న ఉన్నాడు, చీటీ పాడి ఆ డబ్బుతో వచ్చాడు. నేను ఆ టవల్‌తో కుర్రాడి మొహం తుడిచి, నీళ్ళు పట్టి, పంపించాను. మూడో రౌండ్లో నిమిషం కూడా నిలవలేదు. ఆ రాత్రి లాడ్జిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నా ఒళ్ళో తల పెట్టుకుని, "సార్, సెకండ్ రౌండ్ ఎప్పుడు" అన్నాడు. స్కాన్‌లో కొంచెం రక్తం కనపడింది. తొమ్మిది రోజులున్నాడు. బతికాడు. ఇప్పుడు లారీలకి కరెంటు పని చేస్తున్నాడు. ఎండలో ఎక్కువసేపు ఉంటే తలనొప్పి వస్తుందంటాడు. మళ్ళీ గ్లవ్స్ వేసుకోలేదు.

బాక్సింగ్‌లో సెమీస్ ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. అంటే నేను వాణ్ని మూడో రౌండ్‌కి పంపేటప్పటికే వాడి పతకం, వాడి సర్టిఫికెట్ ఖాయం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పంపాను.

వాస్తవం: కార్నర్ ఆపితే బౌట్ పోతుంది, అంతే. పాయింట్ల మీద ఓడినా, టవల్ పడి ఓడినా పతకం అదే. తలకి దెబ్బ తగిలి ఆగితే కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా చేయనివ్వరు. అది పిల్లాడి మంచికే. నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో మోకాలి గాయంతో సెమీస్‌లో దిగలేదు. కాంస్యంతో తిరిగొచ్చాడు. ఆయన్నెవరైనా పిరికివాడంటారా?

ఇక ఎవరు గొప్ప అంటే, అలీ. 1960 రోమ్ ఒలింపిక్ స్వర్ణం, మూడుసార్లు హెవీవెయిట్ టైటిల్, 56 గెలుపులు, రింగ్ బయట ఆయన నిలబడ్డ తీరు. ఇందులో నాకు సందేహం లేదు. కానీ ఒకే ఒక్క రాత్రి ఎంచుకోమంటే 1971 నాటి ఫ్రేజియర్‌ని ఎంచుకుంటాను. ఆ రాత్రి ఆడినట్టు అలీ కూడా ఎప్పుడూ ఆడలేదు. చిన్నప్పుడు విరిగి సరిగ్గా అతక్క పూర్తిగా చాపలేని ఎడమ చెయ్యి, దాంతోనే ఆ హుక్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బొటనవేలు విరిగి ఉండగా ఫైనల్ ఆడి స్వర్ణం. 37 బౌట్లలో నాలుగే ఓటములు, రెండు అలీకి, రెండు ఫోర్‌మన్‌కి. ఇంకెవరూ ఓడించలేకపోయారు. అలాంటివాడికి తను సొంత ఊరు చేసుకున్న ఫిలడెల్ఫియాలో విగ్రహం పెట్టింది 2015లో, పోయిన నాలుగేళ్ళకి. అప్పటికి ఎన్నో ఏళ్ళ ముందే రాకీ అనే ఒక సినిమా బాక్సర్‌కి అదే ఊళ్ళో విగ్రహం ఉంది.

ఆ అమ్మకి ఫోన్లోనే చెప్పేశాను, సర్టిఫికెట్‌కి ఏమీ కాదమ్మా, వేయాల్సి వస్తే వేస్తాను అని. వాళ్ళాయనతో నేనే మాట్లాడతానన్నాను. ఆదివారం ఆయనే వచ్చారు. నేను చెప్పిందంతా విని, "మరి ఎప్పుడు వేయాలో మీకెలా తెలుస్తుంది మాస్టారూ?" అన్నారు. స్టూల్ మీద కూర్చోగానే మూడు అడుగుతానన్నాను. ఎన్నో రౌండ్? అవతలివాడి గ్లవ్స్ ఏ రంగు? పోయిన విరామంలో నేనేం చెప్పాను? పేరు అడగను, పేరు ఎవడైనా చెబుతాడు. మూడింటిలో ఒక్కటి తప్పినా టవల్.

ఆయన జేబులోంచి కరెంటు బిల్లు తీసి, వెనక్కి తిప్పి, ఆ మూడూ ఇంకోసారి చెప్పమన్నారు.