డీఎస్సీ బిట్టుగా మిగిలిన ఆర్మ్‌స్ట్రాంగ్

డీఎస్సీకి ఒక్కసారైనా చదివినవాళ్లు ఈ బిట్టుకి నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్తారు. హ్యూరిస్టిక్ పద్ధతిని ప్రతిపాదించింది ఎవరు? ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రుడి మీద నడిచినాయన కాదు, 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో కెమిస్ట్రీ చెప్పిన హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్. పిల్లలకి జవాబు చెప్పేయకండి, వాళ్లచేతే వెతికించండి అన్నది ఆయన వాదన. ఆ పేరుని నాలుగు ఆప్షన్లలో గుర్తుపట్టి ఉద్యోగం తెచ్చుకున్న మాస్టారు క్లాసుకి వెళ్లి నోట్సు చెప్తారు. ఆయన్ని అనడానికీ లేదు. ఆయన్ని ఎంపిక చేసిన పరీక్షా అలాంటిదే, ఆయన పిల్లలు రాయబోయేదీ అలాంటిదే.

గోదావరి డెల్టాలో ఇది మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులున్న ఇంట్లో తెల్లవారుజామున ఫోను మోగితే ఎందుకో ఏడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. ఆక్సిజన్ పడిపోయింది, చేపలు మూతులు పైకి పెట్టాయి, ఏరియేటర్లు వేయాలి. పగలు నీటిలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయ్యాక ఆ నాచు, చేపలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అంచేత పొద్దు పొడవబోయే ముందు బాగా తగ్గిపోతుంది. ముందురోజు మబ్బు పడితే ఇంక టెన్షనే. ఇంత తెలిసిన పిల్లాడు బడిలో కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం ఐదుసార్లు రాసుకొస్తాడు.

వరి సంగతీ అంతే. ఎంటీయూ 7029, అదే మన స్వర్ణ, పుట్టింది మార్టేరు పరిశోధన స్థానంలో. దాని విత్తనం నానేసి గోనెసంచిలో మండె కడితే, మొలక వచ్చే వేళకి లోపల చెయ్యి పెడితే వేడి తగులుతుంది. పొయ్యి లేదు, ఎండ లేదు, ఆ వేడి ఎక్కడిది? ఆ ఒక్క ప్రశ్నతో శ్వాసక్రియ పాఠం రెండు పీరియడ్లు నడుస్తుంది.

ఇలా నడపాలని మన దేశంలో ఎవరూ అనుకోలేదా అంటే, చాలాసార్లు అనుకున్నారు. కొఠారి కమిషన్ (1964-66) మొదటి పదేళ్ల చదువులో సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి అంది. 1976లో 42వ సవరణ శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో రాసింది. అసలు పని మాత్రం 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైంది. పిల్లలు గుంపులుగా ప్రయోగం చేసి, చూసింది రాసుకుని, వాదించుకుని తేల్చుకునేవారు. 1978లో జిల్లా అంతటా విస్తరించారు. అక్కడ పరీక్షనూ మార్చారు, నాకు ముఖ్యమనిపించేది అదే. పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకునే రాసేవారు, ప్రయోగానికి విడిగా మార్కులుండేవి. పుస్తకం చూసి రాయగల ప్రశ్న వేస్తే పరీక్షకి అర్థం ఉండదు కాబట్టి, ప్రశ్న తయారుచేసేవాళ్లు బుర్ర పెట్టక తప్పలేదు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

మన దగ్గర 1980ల్లో బ్రిటన్ సాయంతో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. ప్రైమరీ బళ్లలో కృత్యాలు, గోడల నిండా పిల్లల చార్టులు. నిధులతోపాటు ఊపూ తగ్గింది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక చెకుముకి సైన్సు పోటీలు పెట్టి పిల్లల్ని లాగింది గానీ, అవి క్లాసు బయటి సంగతి.

పెద్ద మార్పు 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రంతో వచ్చింది. దాని ప్రకారం రాసిన సైన్సు పుస్తకాల్లో 'ప్రశ్నించడం, పరికల్పన చేయడం' (అంటే ఇలా అయ్యుండొచ్చని ముందే ఊహించడం) ఒక విద్యా ప్రమాణం. నా లెక్కలో మన రాష్ట్రంలో వచ్చిన సైన్సు పుస్తకాల్లో అవే మంచివి. ఏం లాభం? ఈ అంశంపై మీ టీచరుని ఏ ప్రశ్నలు అడుగుతారు అని పరీక్షలో వస్తే, పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు కూడా గైడులో అచ్చయిపోయాయి. ప్రాజెక్టులు ఒకరిది చూసి ఒకరు దింపేసుకున్నారు. పదో తరగతిలో బడి చేతికిచ్చిన 20 ఇంటర్నల్ మార్కుల్ని ఇష్టమొచ్చినట్టు వేసుకుంటున్నారన్న ఆరోపణలతో 2019లో ఎత్తేశారు.

2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు. వాటిలోనూ కృత్యాలు బోలెడు. కానీ తెల్లవారుజామున తీసిన ఆక్సిజన్ రీడింగులు వారం రోజులవి ఇచ్చి, ఏ రోజు మబ్బు పట్టి ఉంటుందో కారణంతో చెప్పమని పబ్లిక్ పరీక్షలో అడిగితే ఏ గైడూ అక్కరకి రాదు. దీనికి కొత్త ల్యాబు కట్టక్కర్లేదు, పేపరు తయారుచేసేవాళ్లకి శిక్షణ కావాలి. దిద్దేవాళ్లకీ కావాలి. అలాంటి ప్రశ్నకి ముగ్గురు పిల్లలు మూడు రకాలుగా రాసినా ముగ్గురిదీ సబబే కావొచ్చు. స్పాట్ వాల్యుయేషన్‌లో చేతికిచ్చే కీలో మామూలుగా ఒక్క జవాబే ఉంటుంది.